కుడితి తొట్లో పగడాలు, నాచు తెరతో వడపోత: తెర బంగారం, గొట్టంలో చీలికే గండం

గ్యారేజీలో పగడాలు పెంచి ముక్కలు అమ్మాలనుకుంటే డబ్బు మూడు చోట్ల పోతుంది: గాజు తొట్టి, స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాలను బయటికి తీసే పరికరం), లైట్లు. మొదటిదానికి విరుగుడు అమెరికాలో ఏ ఫామ్ సప్లై దుకాణంలోనైనా దొరుకుతుంది. పశువులకు నీళ్లు పెట్టే 100 గ్యాలన్ల నల్ల ప్లాస్టిక్ తొట్టి. మన కుడితి తొట్టే, కాకపోతే సిమెంటు కాదు, పాలిథిలీన్. దాని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఉప్పుకీ దెబ్బకీ చలించదు. డ్రెయిన్‌కి రంధ్రం పెట్టినప్పుడు బల్క్‌హెడ్ (గొట్టాన్ని తొట్టి గోడకు బిగించే మర ముక్క) రబ్బరు వాషర్ తల ఉన్న వైపే పడాలి, చేత్తో బిగించి ఆపైన పావు చుట్టు చాలు. సిలికాన్ పూస్తే పాలిథిలీన్‌కి అంటుకోదు, శ్రమ దండగ. పక్క నుంచి చూసే వీలు లేదన్నది లోటే గానీ, అమ్మకానికి పెంచేవాళ్లు ఎలాగూ పైనుంచే చూస్తారు.

ఈ సమీక్ష అంతా రెండో ఖర్చు గురించి. స్కిమ్మర్ కొనకుండా, దాని స్థానంలో చేత్తో కట్టుకున్న నాచు తెరతో (పైనుంచి నీళ్లు జారుతూ, వెలుతురులో నాచు పెరిగే ప్లాస్టిక్ జల్లెడ) ఏళ్ల తరబడి నడిపాక తేలిన సంగతులు ఇవి. 100 గ్యాలన్ల తొట్టి, కింద 50 గ్యాలన్ల సంప్‌లో (పైతొట్టి నీళ్లు దిగే రెండో తొట్టి) 30 గ్యాలన్ల నీళ్లు, మొత్తం దాదాపు 130.

ముందు మెచ్చుకోలు. ఈ తెర మీద ఇంత అభిమానం ఎందుకంటే, నీళ్లలోంచి ఏం తీసిందో కంటికి కనిపిస్తుంది. స్కిమ్మర్ కప్పులో చేరే గోధుమరంగు కంపు నీళ్లను చూసి ఎంత ఫాస్ఫేట్ పోయిందో ఎవరూ చెప్పలేరు. తెర మీద నుంచి గీకిన పచ్చటి నాచును పిండి తూకం వేస్తే, ఈసారి పోయినసారి కన్నా ఎక్కువా తక్కువా అన్నది అక్కడికక్కడే తెలిసిపోతుంది. చేపల విసర్జనలోని అమ్మోనియాను నైట్రేట్‌గా మారే దాకా ఆగకుండా నాచే నేరుగా తినేస్తుంది. గొట్టం, తెర, చిన్న పంపు, రెండు బల్బులు కలిపి వంద డాలర్లు దాటలేదు. ఈ తొట్టికి సరిపోయే స్కిమ్మర్ ధర దానికన్నా బాగా ఎక్కువ.

కొలతల్లో పాత సూత్రం ఒకటి ఇంకా తిరుగుతోంది: గ్యాలన్‌కి ఒక చదరపు అంగుళం తెర. దాన్ని నమ్మొద్దు. తెర సైజును తొట్టి పరిమాణం బట్టి కాదు, వేసే మేత బట్టి లెక్కించాలి. రోజుకి ఒక గడ్డకట్టిన మేత ముక్కకు, రెండు వైపులా వెలుతురు పడే తెర 12 చదరపు అంగుళాలు. రోజుకి నాలుగు ముక్కలు వేస్తే 48, అంటే 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు. పాత సూత్రం ప్రకారం ఇదే తొట్టికి 130 చదరపు అంగుళాల తెర పెట్టాల్సి వచ్చేది. చేపలు తక్కువ, పగడాలు ఎక్కువ ఉండే తొట్లో అంత తెర వల్ల ఏం జరుగుతుందో కింద చెబుతాను.

నీటి ధార తెర వెడల్పులో అంగుళానికి గంటకు 35 గ్యాలన్లు. 8 అంగుళాలకు 280. తెరకు వాడాల్సింది కుట్టుపని సామాను అమ్మే చోట దొరికే ప్లాస్టిక్ కాన్వాస్, అంగుళానికి ఏడు గళ్లు ఉండేది. రంపపు పళ్లతో రెండు వైపులా గీరుతూ పోవాలి, చెయ్యి రాస్తే నాగజెముడులా గుచ్చుకునే దాకా. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే నాచు వేరు పట్టదు, కాస్త బరువెక్కగానే అట్టలా జారి సంప్‌లో పడుతుంది. లైట్లు సీఎఫ్‌ఎల్ అయితే తెర చదరపు అంగుళానికి ఒక వాట్ లెక్కన వైపుకి ఒక 23 వాట్ల బల్బు, 2700 కెల్విన్ పసుపు కాంతిది. ఎరుపు ఎల్‌ఈడీ, అంటే 660 నానోమీటర్లది, ఇంకా తక్కువ కరెంటుతో నడుస్తుంది గానీ కొత్త తెరను కాల్చేస్తుంది. రోజుకి 9 గంటలతో మొదలుపెట్టి, నాచు ముదిరాక 18 గంటలకు పెంచుకోవాలి. తొట్టి లైట్లు ఆరిన వేళలో ఇవి వెలిగితే రాత్రిపూట పీహెచ్ మరీ పడిపోకుండా కాస్తుంది. బల్బులకీ ధారకీ మధ్య అక్రిలిక్ పలక తప్పనిసరి. లేకపోతే ఉప్పు తుంపర బల్బు మొదట్లో పేరుకుంటుంది. షాక్ కొడితే ఆగిపోయే జీఎఫ్‌సీఐ ప్లగ్గు లేని చోట ఈ పని అసలు తలపెట్టొద్దు.

మొదటి రెండు మూడు వారాలు తెర మీద గోధుమరంగు జిగురు తప్ప ఏమీ రాదు. అది డయాటమ్ అనే సూక్ష్మ నాచు. మెల్లగా తుడిచి వదిలేస్తే తర్వాత పచ్చ వెంట్రుక నాచు లేస్తుంది.

ఇక చీలిక సంగతి. అంగుళం పీవీసీ గొట్టానికి ఒక పక్క పొడవునా 1/8 అంగుళం చీలిక కోసి, అందులో తెర పై అంచు దూర్చుతాం. నీళ్లు ఆ చీలికలోంచి తెర రెండు ముఖాల మీదా పల్చటి పొరగా జారాలి. చేతి రోటరీ పరికరంతో కోస్తే గీత వంకర పోయి ఒక చోట ధార లావుగా, ఒక చోట పొడిగా వస్తుంది. టేబుల్ రంపం మామూలు బ్లేడు మందం సరిగ్గా 1/8 అంగుళమే ఉంటుంది, ఒక్క వేటుకి పని అయిపోతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. అయితే ఈ చీలికలోకి వెలుతురు వెళుతుంది. తెల్ల పీవీసీ మనం అనుకునేంత గుడ్డిది కాదు, గొట్టం గోడలోంచి కూడా కాంతి లోపలికి దిగుతుంది. నాచుకి అంతకంటే సుఖమైన చోటు ఉండదు: వెలుతురు ఉంది, పారే నీళ్లున్నాయి, గీకే చెయ్యి అక్కడికి చేరదు. పైగా గింజంత నత్త పిల్లలు లోపల చేరి చీలిక దగ్గర ఇరుక్కుంటాయి.

పంపు ఖర్చు మిగులుతుందని చాలామంది తొట్టి డ్రెయిన్ గొట్టాన్నే నేరుగా ఈ చీలిక గొట్టానికి కలుపుతారు. మా తొట్టి కూడా మొదట అలాగే నడిచింది. అది మొరాయించిన తీరును వరసగా చెప్పాలి, ఎందుకంటే నేల తడి చూసి అసలు నష్టాన్ని అంచనా వేయలేం.

చీలిక సగం మూసుకుపోగానే డ్రెయిన్ నెమ్మదిస్తుంది. సంప్‌లోంచి రిటర్న్ పంపు మాత్రం గంటకు 300 గ్యాలన్లు పైకి తోస్తూనే ఉంటుంది. పైతొట్లో నీటి మట్టం లేస్తుంది. ఈ తొట్టి వైశాల్యానికి ఒక అంగుళం మట్టం పెరిగితే ఐదున్నర గ్యాలన్లు. అంచు దాకా రెండు అంగుళాల ఖాళీ ఉంటే పదకొండు గ్యాలన్లు చడీచప్పుడు లేకుండా పైన చేరిపోతాయి. కింద సంప్‌లో మట్టం తగ్గిందని ఆటో టాప్ ఆఫ్ గమనిస్తుంది. ఆవిరై పోయాయనుకుని మంచినీళ్లు వదులుతుంది. 20 గ్యాలన్ల ఆర్‌ఓ డబ్బా ఖాళీ అయ్యే దాకా వదులుతూనే ఉంటుంది. పొద్దున చూసేసరికి నేల మీద పడింది తొమ్మిది పది గ్యాలన్లు, ఒక మాప్‌తో అయిపోయే పని. నీళ్లలో ఉప్పుదనం మాత్రం వెయ్యికి 35 పాళ్ల నుంచి దాదాపు 30కి దిగింది.

జోయాంథిడ్‌లు, మష్రూమ్‌లు లాంటి మెత్తటి పగడాలు ముడుచుకుని ఒకట్రెండు రోజుల్లో తేరుకున్నాయి. ఆక్రోపోరా అనే గట్టి పగడం కొమ్మలు అడుగు నుంచి చర్మం ఒలిచినట్టు తెల్లబడ్డాయి, మిగలలేదు. ఇలాంటప్పుడు కంగారుపడి ఉప్పు దిమ్మరిస్తే బతికినవి కూడా పోతాయి. ముందు టాప్ ఆఫ్ ప్లగ్గు పీకాలి. ఆ తర్వాత రిటర్న్ పంపు ఆపి, సంప్‌లో పదకొండు గ్యాలన్లకు చోటుందని చూసుకున్నాకే చీలిక శుభ్రం చేయాలి, ఎందుకంటే అడ్డు తీయగానే పైన నిలిచిందంతా ఒక్కసారి కిందికొస్తుంది. ఉప్పుదనం రోజుకి ఒక పాయింటు, మహా అయితే రెండు చొప్పున పెంచుకుంటూ రావాలి.

మార్చిన విధానం ఇది. తెరకు సంప్‌లోంచే విడిగా ఒక చిన్న పంపు పెట్టాం. పెట్టె మీద గంటకు 500 గ్యాలన్లని రాసి ఉన్నది మూడడుగుల ఎత్తుకు వెళ్లేసరికి మనకు కావలసినంతే ఇస్తుంది. చీలిక మూసుకుపోతే ఇప్పుడు నీళ్లు సంప్‌లోనే ఉంటాయి, తెర మాత్రం ఎండుతుంది. తొట్టి డ్రెయిన్ తెరతో సంబంధం లేకుండా సంప్‌లోకి పోతుంది, దాని పక్కనే ఒక అంగుళం ఎత్తులో వాల్వు లేని రెండో గొట్టం ఆపద్ధర్మానికి ఉంది. చీలిక గొట్టానికి బయట నల్ల రంగు వేసి, ఒక సైజు పెద్ద గొట్టాన్ని నిలువునా చీల్చి పైన తొడుగులా వేస్తే తెర పై అర అంగుళం చీకట్లో ఉంటుంది. టేపు చుట్టితే ఉప్పునీటికి నెల తిరక్కుండా ఊడుతుంది. గొట్టాన్ని జిగురుతో అతికించకుండా మరతో విప్పుకునే యూనియన్ పెట్టుకోవాలి, లేదంటే శుభ్రం చేయడం వాయిదా పడుతూ పోతుంది. తెర గీకిన ప్రతిసారీ పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి చీలికలో ఈ చివర నుంచి ఆ చివరకు లాగితే చాలు. ఇన్ని చేసినా చీలిక మూసుకుపోవడం ఆగలేదు, తగ్గిందంతే.

స్కిమ్మర్ అక్కర్లేదన్న మాటను కాస్త సవరించుకోవాలి. నాచు నీళ్లలోకి పసుపు రంగు వదులుతుంది. ఇది కొత్త ఫిర్యాదు కాదు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ తీర్చిదిద్దిన ఈ పద్ధతిని 1987లో తెరిచిన ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ అక్వేరియంలో పెద్ద ఎత్తున వాడినప్పుడు కూడా నీళ్ల పసుపుదనమే చర్చ అయింది. యాక్టివేటెడ్ కార్బన్ సంచి ఒకటి సంప్‌లో ఉండాల్సిందే, నెలకోసారి మార్చాల్సిందే. అడుగున చేరే మడ్డిని తెర తీయదు, ఇసుక వేయకుండా సైఫన్‌తో లాగేసుకోవాలి.

అంతకంటే పెద్ద చిక్కు, తెర మరీ బాగా పనిచేయడం. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ పరీక్షలో సున్నా చూపిస్తే సంబరపడకండి. పగడాల రంగు వెలవెలబోతుంది, రాళ్ల మీద బుడగలతో కూడిన గోధుమరంగు చీమిడి లాంటిది లేస్తుంది. అది డైనోఫ్లాజెల్లేట్ అనే సూక్ష్మజీవి, ఒకసారి పట్టిందంటే వదిలించడం తలకు మించిన పని. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉంచుకోవడం మేలు. తగ్గుతుంటే తెర లైటు గంటలు కోయాలి, లేదా మేత పెంచాలి. పాత సూత్రంతో కట్టిన పెద్ద తెర ఉంటే సగానికి నల్ల ప్లాస్టిక్ కప్పేయొచ్చు. తెర రంగే చాలావరకు చెప్పేస్తుంది: నల్లగా, జిడ్డుగా ఉంటే వెలుతురు చాలట్లేదు లేదా మేత మరీ ఎక్కువ, పసుపుగా, రబ్బరులా సాగుతుంటే వెలుతురు ఎక్కువ, తిండి తక్కువ.

పగడాలు ఎముక కట్టుకోవడానికి కావలసిన కాల్షియం, ఆల్కలినిటీలకు తెరతో సంబంధం లేదు. అక్కడ ఖర్చు తగ్గించే దారి వేరే ఉంది. ఊరగాయలకు వాడే పికిలింగ్ లైమ్, అంటే మన తాంబూలం సున్నమే, గ్యాలన్ ఆర్‌ఓ నీటికి రెండు టీస్పూన్లు కలిపి తేరనిచ్చి, తేటను రాత్రిళ్లు చుక్కలుగా వదలడం. ఆల్కలినిటీ ఒక్కటే వెనకబడితే వంటసోడా, 100 గ్యాలన్లకు 11 గ్రాముల పైచిలుకు వేస్తే ఒక డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత) పెరుగుతుంది.

కాబట్టి ఎవరికి నప్పుతుంది? జోయాంథిడ్‌లు, మష్రూమ్‌లు, లెదర్‌లు, యూఫిలియాలు లాంటి పగడాలు గ్యారేజీలోనో బేస్‌మెంట్‌లోనో పెంచేవాళ్లకు నిస్సందేహంగా. హాల్లో అయితే ధార చప్పుడు, తెర గీకిన రోజు వచ్చే సముద్రపు వాసన ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి. తొట్టి నిండా ఆక్రోపోరా పెంచేవాళ్లకు మాత్రం ధైర్యంగా చెప్పలేను. మేం కూడా ఎండాకాలంలో నీళ్లు వేడెక్కి ఆక్సిజన్ తగ్గే రోజుల్లో పాత చిన్న స్కిమ్మర్ ఒకటి నడుపుతాం, తెరను తీయకుండానే. ఇండియాలో ఉన్నవాళ్లకు ఈ లెక్కలు గట్టి పగడాల పెంపకానికి పనికిరావు. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. సముద్రపు చేపల తొట్టి మాత్రమే ఉన్నవాళ్లు తెరను అలాగే వాడుకోవచ్చు.

మా లాంటి వాళ్లకు అసలు పరీక్ష వేసవి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు వస్తుంది. తెరను పది రోజులకోసారి, ఎంత ఆలస్యమైనా మూడు వారాల్లోపు గీకాలి. దాటితే పై పొర కింది పొరకు వెలుతురు అందనివ్వదు, వేళ్లు కుళ్లి నాచు మొత్తం ఊడి, తిన్నదంతా నీళ్లలోకి కక్కేస్తుంది. పక్కింటి వాళ్లకు నేర్పగలిగితే సరే. లేకపోతే వెళ్లే ముందు రోజు తెర శుభ్రంగా గీకి, లైటు 9 గంటలకు దించి, చేపల మేత సగం చేసి, టాప్ ఆఫ్ పంపును టైమర్ మీద పెట్టాలి, రోజుకి రెండు గ్యాలన్లకు మించి వదలకుండా.