రెండు రిసీవర్లు, ఒకే హాలు: మూడేళ్ల వాడకం తరువాత

హనుమకొండలో మా హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. కింద టైల్స్, పైన స్లాబు, ఒక పక్కంతా అద్దాల కిటికీలు. చిటిక వేస్తే గది కూడా తిరిగి చిటిక వేస్తుంది. ఈ గదిలోనే పాత 5.1 రిసీవర్‌తో (టీవీ శబ్దాన్ని ఐదు స్పీకర్లకు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్‌కు పంచే పెట్టె) తొమ్మిదేళ్లు నెట్టుకొచ్చి, మూడేళ్ల క్రితం పై నుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ ఉన్న ఏడు ఛానళ్లది కొన్నాను. పాతదాన్ని అమ్మలేదు. అవే స్పీకర్లకు రెండింటినీ మార్చి మార్చి తగిలించి విన్నాను.

కొనేటప్పుడు నా ఆశంతా పైకప్పు స్పీకర్ల మీదే. స్లాబుకు రంధ్రాలు వేయించి రెండు బిగించాను. వాన కురిసే సన్నివేశాల్లో ఒళ్లు పులకరించిన మాట నిజమే. కానీ మా ఇంట్లో రోజూ నడిచేవి వార్తలు, సీరియళ్లు. నాన్న వినే పాత మోనో పాటలకైతే రెండు రిసీవర్లూ ఒకటే. ఎడమా కుడీ ఒకే ధ్వని ఉంటే సరౌండ్ మోడ్ దాన్ని మధ్య స్పీకరుకే పంపుతుంది.

అసలు తేడా మైకు దగ్గర తెలిసింది. పాతదానికి సోఫా నుంచి ఒక్కో స్పీకరు దూరం టేపుతో కొలిచి నేనే ఎక్కించాలి. కొత్తది తన మైకుతో తానే కొలుచుకుంటుంది. మే నెల మధ్యాహ్నం ఫ్యానూ కూలరూ ఆపి, సోఫాలో తల ఉండే ఎత్తున మైకు నిలబెట్టి, చెమటలు కక్కుతూ కూర్చున్నాను. నాలుగో కొలతలో ఉండగా వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. మళ్లీ మొదటి నుంచి! తీరా చూస్తే 8 అడుగుల దూరంలోని సబ్‌వూఫర్ 13 అడుగులని చూపించింది. తప్పనుకుని దిద్దితే బేస్ పలచబడింది. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కగడుతుంది కాబట్టి ఆ అంకె జోలికి పోకూడదు. నా చిన్న స్పీకర్లను ‘లార్జ్’ (లోతైన బేస్ కూడా మోయగలవి) అనుకోవడం మాత్రం దాని పొరపాటే. ‘స్మాల్’ చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టాను, అంటే అంతకన్నా కింది బేస్ సబ్‌వూఫర్‌కు వెళుతుంది.

“ఇవాళ మాటలు వినబడుతున్నాయిరా” అన్నారు నాన్న ఆ రాత్రి. అంతకుముందు మాటలకు పెంచు, ఫైటింగులకు తగ్గించు అంటూ రిమోటు నా చేతిలో పెట్టేవారు. ఇందులో సగం పుణ్యం వరంగల్ కొత్తవాడ జంపఖానాది. దాన్ని టైల్స్ మీద పరిచాక పాత రిసీవర్‌లోనూ మాటలు తేటపడ్డాయి.

కొత్తదానితో చిక్కులూ ఉన్నాయి. మా టీవీకి ఉన్నది మామూలు ఆర్క్ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోనే రిసీవర్‌కు పంపే దారి). ఓటీటీ అట్మాస్ డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన రూపంలో వస్తుంది కాబట్టి అందులోనే వెళ్లిపోతుంది. బ్లూరే డిస్కులోని ట్రూహెచ్‌డీ ధ్వని మాత్రం మామూలు ఆర్క్‌లో పట్టదు, దానికి ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే కలపాలి. కరెంటు పోయి వస్తే టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు, ప్లగ్గు పీకి పెట్టాల్సిందే. ఎండాకాలంలో పైన జానెడు ఖాళీ లేకపోతే పెనంలా కాలుతుంది. పాతదాని ఆప్టికల్ తీగతో ఏ రోజూ ఈ గొడవ లేదు, అట్మాసూ లేదు.

ఆ పాతది ఇప్పుడు నాన్న గదిలో ఉంది. సరౌండ్ ఆపేసి, రెండే స్పీకర్లతో పాటలు వింటున్నారు.