పెద్దవాళ్ల నడకకు ఏది మేలు: తిండా, వ్యాయామమా?

సోఫాలోంచి లేవాలంటే చేతులు ఆనించాల్సి వస్తోందంటే తొడల్లో కండ తగ్గుతోందని అనుమానించాలి. ఇళ్లలో వెంటనే జరిగేది ప్రొటీన్ పొడి డబ్బా కొనడం, లేదా రాగి జావ మొదలుపెట్టడం. అది సరిపోతుందా?

బోస్టన్‌లోని ఒక వృద్ధుల కేంద్రంలో దీన్ని పరీక్షించి 1994లో ఫలితాలు ప్రచురించారు. మొత్తం 100 మంది, సగటు వయసు 87. కొందరికి కాళ్ల కండలకు బరువులతో వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ, మిగతావారికి ఏదీ లేదు. పది వారాల్లో వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది, నడక వేగం దాదాపు 12 శాతం పెరిగింది. పానీయం ఒక్కటే తాగినవారికి బలం పెరగలేదు. కాబట్టి ఒక్కటే మొదలుపెట్టగలిగితే కాళ్లకు పని చెప్పడమే మేలు.

మరి రోజూ వాకింగ్ చేస్తున్నారు కదా అంటారు. వాకింగ్ గుండెకు, దమ్ముకు మంచిదే, మానొద్దు. కానీ చదునైన దారిలో నడిచేటప్పుడు మోకాలు పెద్దగా వంగదు, వంగిన కాలి మీంచి ఒంటి బరువు లేపే పని తొడకు పడదు. అందుకే అరగంట నడవగలిగినవారు కూడా పల్లపు కుర్చీలోంచి లేవలేకపోతారు. ఆ పని కుర్చీతోనే నేర్పాలి.

చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించండి. ముందుకు జరిగి కూర్చుని, పాదాలు మోకాళ్లకన్నా కాస్త వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగి లేవాలి. చాలామంది వంగకుండా నిటారుగా లేవబోయి వెనక్కి పడతారు. కూర్చునేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. దబ్బున కూలబడితే సగం లాభం పోయినట్టే. ఊపిరి బిగపడితే బీపీ పెరుగుతుంది, లేస్తూ వదలాలి. ఎనిమిదిసార్లు, రెండు నిమిషాల విరామం, మళ్లీ ఎనిమిది. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. లేవలేనివారికి సీటు మీద దుప్పటి నాలుగంగుళాల మందాన మడిచి వేయండి, బలం వచ్చేకొద్దీ మడతలు తగ్గించండి. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపి డాక్టరుకు చూపించాలి.

ఇక తిండి. కండ పెరగాలంటే పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు చెప్పిన లెక్కే. రాగుల్లో కాల్షియం బాగా ఉంది, కానీ రెండు చెంచాల పిండితో కాచిన జావలో ప్రొటీన్ రెండు గ్రాములు కూడా ఉండదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు. పళ్లు లేక చారన్నం, మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవారికి మెత్తగా ఉడికిన ముద్దపప్పు, గడ్డపెరుగు, వేయించిన పల్లీల పొడి ప్రతి పూటా పెట్టండి.

బరువెక్కువై మోకాళ్లు నొస్తున్నవారి సంగతి వేరు. ఊబకాయం ఉన్న 107 మంది వృద్ధులతో ఏడాదిపాటు చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. శారీరక సామర్థ్య పరీక్షలో తిండి తగ్గించినవారి స్కోరు 12 శాతం, వ్యాయామం చేసినవారిది 15, రెండూ చేసినవారిది 21 శాతం పెరిగింది. తిండి మాత్రమే తగ్గించినవారిలో కొవ్వుతోపాటు కండ కూడా ఎక్కువగా పోయింది. అందుకే రాత్రి భోజనం మాన్పించి ఊరుకోకండి. అన్నం ఒక గరిటె తగ్గించండి, పప్పు తగ్గించకండి, కుర్చీ వ్యాయామం అదే వారం మొదలుపెట్టండి.