ఏడు శెనక్కాయ పంటలు చూసిన పెట్రోలు పంపు

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. ఐదెకరాల ఎర్రనేల, అంతా వానాధారం. శెనక్కాయ, మధ్యలో కంది సాళ్లు. చేను మూలన నీటికుంట ఉంది. ఆ నీళ్లు చేనికి ఎక్కించడానికి 2018 జూలైలో 3 అంగుళాల పెట్రోలు పంపు కొన్నాను. 163 సీసీ, నాలుగు స్ట్రోకుల ఇంజన్, తాడు లాగి స్టార్ట్ చేసేది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజు పెట్రోలు ఇంజన్ ఏ కంపెనీదైనా, పంపుకున్నా, స్ప్రేయర్‌కున్నా, పని లేని నెలల్లో దాన్ని ఎట్లా భద్రంగా ఉంచాలో నేను చెప్పే మాట ఒకటే కాబట్టి.

పనితనం గురించి ముందు చెప్పేస్తాను. ట్యాంకు నింపితే మూడు లీటర్లు పడుతుంది, రెండు గంటలకు పైగా నడుస్తుంది. డబ్బా మీద నిమిషానికి వెయ్యి లీటర్లని రాసుంటుంది. అది కొలత కోసం రాసిన లెక్క. పైపు పొడవు పెరిగేకొద్దీ, గట్టు ఎత్తు పెరిగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి. అయినా శెనక్కాయ ఊడలు నేలలోకి దిగే సమయంలో ఒక తడి ఇవ్వడానికి నాకు ఎప్పుడూ తక్కువ పడలేదు.

అసలు విషయం వేరే ఉంది. మా జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అదైనా సమంగా పడదు. ఆగస్టులో ఇరవై రోజులు బెట్ట పడితే పంపు తెల్లారి నుంచి పొద్దుగూకే దాకా నడవాలి. వాన పడితే మళ్లీ ఏడాది దాకా దాని ముఖం చూసే పని ఉండదు. ఈ ఏడేళ్లలో నా ఇంజన్ మొత్తం కలిపి మూడు వందల గంటలు కూడా నడిచి ఉండదు. మిగతా కాలమంతా కొట్టంలో ఖాళీగా కూర్చున్నదే. ఇంజన్‌కు కష్టం వచ్చేది ఆ ఖాళీ నెలల్లోనే అని నాకు మొదటి ఏడాదే తెలిసింది.

2018 అక్టోబరులో పని అయిపోయాక ట్యాంకులో సగం పెట్రోలుతో అట్లే తెచ్చి వంటింటి పక్క గదిలో పెట్టాను. నాలుగో రోజు పొద్దున అమ్మ పిలిచింది. "ఏం నాయనా, పొయ్యి దగ్గర పెట్రోలు వాసన వస్తాంది?" పోయి చూస్తే ఇంజన్ కింద బండ మీద అరచేయి అంత తడి. పెట్రోలు కాక్, అంటే ట్యాంకు కింది కుళాయి, కట్టేయడం మరిచిపోయాను. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే కార్బురేటర్ నుంచి బొట్టు బొట్టు కారింది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైంది. పైకి పోదు, నేల మీద పరుచుకుని గడప కింద నుంచి పక్క గదిలోకి పాకుతుంది. అక్కడ పొయ్యి ఉన్నా, దేవుడి దీపం ఉన్నా చాలు. ఆ రోజు అమ్మ అగ్గిపుల్ల గీయకముందే వాసన పట్టింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది. కిటికీలు, తలుపులు తెరిచి, పంపును కొట్టంలోకి మార్చాను. కాక్ కట్టేశాను. కానీ పెట్రోలు మాత్రం తీయలేదు.

దాని ఫలితం 2019 ఆగస్టులో కనిపించింది. చేను వాడుతోంది, కుంటలో నీళ్లున్నాయి, ఇంజన్ మాత్రం ఉలుకూ పలుకూ లేదు. చోక్ వేసి, తీసి, తాడు లాగి లాగి అరచేతులు బొబ్బలెక్కాయి. ట్రాక్టర్‌లో వేసుకుని మెకానిక్ దగ్గరికి పోయాను. అతను మొదట అడిగింది ఒక్కటే. "అన్నా, ఇందులో పెట్రోలు ఎప్పటిది?"

"పోయినేడు అక్టోబరుది."

ఇంకేమీ అడగలేదు. కార్బురేటర్ కింద గిన్నెలాంటి భాగాన్ని విప్పి నా చేతిలో పెట్టాడు. అడుగున తేనె రంగులో జిగురు, గోటితో గీకితే చారలు పడుతోంది. పెట్రోలు వాసన లేదు, పాత వార్నిష్ వాసన. అందులోంచి పెట్రోలు సన్నగా పోయే ఇత్తడి జెట్ తీసి వెలుతురుకు పట్టి చూపించాడు. సూది మొన దూరేంత రంధ్రం, అవతలి వెలుగు కనిపించడం లేదు. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యేది ఎగిరిపోతుంది, మిగిలింది గాలి తగిలి ఇట్లా జిగురవుతుంది. శుభ్రం చేసి ఇవ్వడానికి గంట పట్టింది. కానీ అతని దగ్గర నా వంతు కోసం నాలుగు రోజులు ఆగాల్సి వచ్చింది. బెట్టలో నాలుగు రోజులంటే ఎంతో రైతుకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత పెట్రోలు ఉంచకూడదనే జాగ్రత్త ఇంకా అవసరం. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు దిగుతాయి. పెట్రోలు పోయే దారిలో అన్నిటికంటే కింద ఉండేది ఆ కార్బురేటర్ గిన్నే. నా ఇంజన్ మాన్యువల్‌లో ఇథనాల్ 10 శాతానికి మించొద్దని ఉంది. బంకులో దొరికేదే పోయాలి కాబట్టి నేను చేయగలిగింది ఒకటే, నిల్వ ఉంచకపోవడం. ఏ రోజుకు ఎంత కావాలో అంతే తెస్తాను, ఇనుప క్యాన్‌లో మాత్రమే. క్యాన్‌ను బండి మీద పెట్టి కాకుండా నేల మీద పెట్టి నింపిస్తాను.

2019 నుంచి సీజన్ అయిపోయిన రోజున ఒక గంట ఈ పనికే కేటాయిస్తున్నాను. ఇంజన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపేసి, వెచ్చగా ఉన్నప్పుడే పాత ఆయిల్ దించేస్తాను. వెచ్చగా ఉంటే మురికితో సహా దిగుతుంది. కొత్తది అర లీటరుకు కొంచెం పైన పడుతుంది. ఇంజన్‌ను సమంగా ఉన్న బండ మీద పెట్టి చూస్తే మూత అంచు దాకా ఆయిల్ కనబడాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక, ఆరుబయట, ట్యాంకులోని పెట్రోలు క్యాన్‌లోకి తీసి అదే రోజు మోటార్ సైకిల్‌లో పోసేస్తాను. తర్వాత కాక్ తెరిచి, కార్బురేటర్ గిన్నె కింది బోల్టు వదులు చేసి చివరి బొట్టు దాకా దించుతాను. ఇంజన్ ఆగేదాకా నడిపితే చాలంటారు కొందరు. నేనూ ఒకసారి అట్లే చేసి, తర్వాత బోల్టు విప్పి చూశాను. ఒక చెంచాడు ఇంకా మిగిలే ఉంది. ఆ చెంచాడే జెట్‌ను మూసేది.

స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచాడు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ పోస్తాను. తాడును మెల్లగా రెండు మూడుసార్లు లాగితే లోపల సిలిండర్ గోడలకు ఆయిల్ పట్టుకుంటుంది, తుప్పు రాదు. ప్లగ్ బిగించి, తాడును మళ్లీ మెల్లగా లాగాలి. ఒకచోట బిగుతుగా తగులుతుంది. అక్కడ ఆపేయాలి. అప్పుడు రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, తేమ లోపలికి పోదు. ఈ ఒక్క పని నాయనకు బాగా నచ్చింది, ప్రతి ఏడూ తనే చేస్తాడు.

మా ఎర్రదుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడుతుంది. స్పాంజీని సబ్బు నీళ్లలో పిండి, నీడన ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిల్ రాసి మళ్లీ పిండి పెడతాను. కాగితం ఫిల్టర్‌ను మాత్రం నీళ్లతో కడగకూడదు. పంపు కింది మూత తీసి నీళ్లు వంచేయాలి. ఎలుకలు ఫ్యాన్ మూత లోపల గూడు పెడతాయి, అందుకే గోనెసంచి కప్పడం మానేసి సందులేని డబ్బా చేయించాను. కొట్టంలో పెట్టేటప్పుడు శెనక్కాయ కట్టె వామికి దూరంగా పెడతాను. వేడి సైలెన్సర్‌కు ఎండిన కట్టె తగిలితే అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

ఇంకో మాట. కుంటలో నీళ్లు కిందికి పోయినప్పుడు, పాత బావి దగ్గర, ఇంజన్‌నే లోపలికి దించుదామనే ఆలోచన వస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, బావిలో అది బయటికి పోయే దారి ఉండదు. మనిషికి తల తిరిగేలోపే కాళ్లు పనిచేయవు. ఇంజన్ గట్టు మీదే ఉండాలి, పైపే లోపలికి పోవాలి. మూసిన గదిలో ట్రయల్ వేయడం కూడా అంతే ప్రమాదం.

2020 నుంచి మూడేళ్లు మా వైపు వానలు బాగానే పడ్డాయి. పంపు దాదాపు డబ్బాలోనే ఉంది, ఏడాదికొకసారి ఆయిల్ మార్చడం తప్ప. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద వాన ముఖం చాటేసింది. 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. పంపు బయటికి తీసి, కొత్త పెట్రోలు పోసి, పంపులో నీళ్లు నింపి, చోక్ వేసి తాడు లాగాను. సిలిండర్‌లో పోసిన ఆయిల్ కాలి తెల్లటి పొగ వచ్చింది. రెండో లాగుడుకు అందుకుంది. ఆ రోజు నాయన ముఖంలో సంతోషం చూశాను.

నచ్చనివి కూడా ఉన్నాయి. శబ్దం చాలా ఎక్కువ, పక్క చేనిలో మనిషిని పిలిచినా వినబడదు. లీటరు వంద రూపాయలు దాటిన పెట్రోలుతో ఎకరాలకెకరాలు తడపడం భారమే. బోరు, కరెంటు ఉన్నవాళ్లు దీని జోలికి రానక్కర్లేదు. తాడు లాగడం పెద్దవాళ్లకు కష్టం. ట్రాక్టర్ మీద కుదుపుల్లో తెచ్చేటప్పుడు కాక్ తెరిచి ఉంటే పెట్రోలు సిలిండర్ గుండా ఆయిల్‌లోకి దిగుతుంది. ఒకసారి మూత తీస్తే ఆయిల్ మట్టం పెరిగి, పెట్రోలు వాసన వచ్చింది. అప్పుడు ఆయిల్ మొత్తం మార్చాకే నడపాలి. మళ్లీ కొనాల్సి వస్తే కొంటావా అంటే, వానాధారం చేనుకూ, కుంటకూ ఇదే కొంటాను.

ఇప్పుడు పంపు పిడికి ఒక అట్ట ముక్క కట్టి ఉంటుంది. పోయిన సీజన్‌ది నాయన రాశాడు. "పెట్రోలు తీసినాం. ఆయిల్ కొత్తది. ప్లగ్ చూడాల. 9 నవంబరు 2024."