ఓరల్-బి ఎసెన్షియల్ ఫ్లాస్: ఒక్కసారికి ఒక మూర దారం

వేసవి వచ్చిందంటే మా ఇంట్లో నూజివీడు రసాలు ఉండాల్సిందే. టెంక చీకిన తర్వాత పళ్ల సందుల్లో చిక్కిన పీచు కోసం పిన్నీసులు, చీపురు పుల్లలు వెతకడమూ తప్పదు. చిగుళ్లను గుచ్చి పుండు చేసే ఆ అలవాటును ఇంట్లో అందరిచేతా మాన్పించాలని పళ్ల సందులు శుభ్రం చేసే ఈ దారం, అంటే ఫ్లాస్ కొన్నాను. ఇప్పుడు మామిడికాయల కాలంతో పని లేకుండా ఏడాది పొడవునా వాడుతున్నాం.

అరచేతిలో ఇమిడే డబ్బాలో 50 మీటర్ల దారం ఉంటుంది. దానికి మైనం పూత, పుదీనా రుచి. మూత కింద ఉన్న చిన్న లోహపు పలుకుకు తగిలించి లాగితే తెగుతుంది. మైనం ఉండటం వల్ల నా కింది ముందు పళ్ల ఇరుకు సందుల్లోకి కూడా నెమ్మదిగా జారుతుంది. నాకు బాగా నచ్చిన గుణం ఇదే.

అయితే ఎంత మంచి దారమైనా వాడే పద్ధతిలోనే ఫలితం ఉంటుంది. చాలామంది పొదుపు కోసం జానెడు ముక్క తెంపుతారు. అది చాలదు. పూలమ్మి మల్లెలు కొలిచినట్టు మోచేతి దాకా ఒక మూర, అంటే దాదాపు 45 సెంటీమీటర్లు తీసుకోవాలి. అలా తీసినా డబ్బా నూరుసార్లకు పైగా వస్తుంది. దారంలో ఎక్కువ భాగాన్ని ఒక చేతి నడిమి వేలికి, మిగిలింది రెండో చేతి నడిమి వేలికి చుట్టి, మధ్యలో అంగుళం మేర బొటనవేళ్లతో, చూపుడువేళ్లతో బిగించి పట్టుకోవాలి. సందులోకి ఒక్కసారిగా నొక్కితే చిగురు తెగుతుంది. ముందుకూ వెనక్కీ మెల్లగా కదుపుతూ దించాలి. చిగురు దగ్గరికి చేరాక దారాన్ని ఒక పంటికి ఆనించి ఇంగ్లీషు ‘సి’ ఆకారంలో వంచాలి. చిగురు అంచు కిందికి కొద్దిగా పోనిచ్చి పైకీ కిందికీ రుద్దాలి. అదే సందులో పక్క పంటికీ ఇలాగే చేయాలి. తర్వాతి సందుకు వాడని దారం విప్పుకోవాలి. చివరి దవడ పళ్ల వెనక వైపును మరిచిపోకూడదు.

ఇంత శ్రమ ఎందుకంటే, పంటికి పంటికి ఆనుకున్న రెండు పక్కలకూ బ్రష్ కుచ్చులు అందవు. అక్కడ పట్టిన పాచి లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. ఇక దాన్ని డాక్టరు తీయాల్సిందే. పీచు తీసి ఊరుకుంటే ఆ పాచి అక్కడే ఉండిపోతుంది.

మొదట్లో మా వారికి రక్తం కనిపించి, ఆపేస్తానన్నారు. చాలాసార్లు అలా రక్తం కారేది అప్పటికే వాచి ఉన్న చిగురు నుంచే. సున్నితంగా రోజూ చేస్తూ ఉంటే సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. ఆయనకూ తగ్గింది. తగ్గకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా పళ్ల డాక్టరుకు చూపించాలి.

ఫ్లాస్ వల్ల లాభానికి గట్టి ఆధారాలు లేవని 2016లో అమెరికాలో వార్తలు వచ్చాయి. మా బడిలో తోటి టీచరు ఒకరు ఇప్పటికీ అదే వాదిస్తారు. వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే కాక్రేన్ సంస్థ 2019 నాటి సమీక్ష కూడా ఆధారాలు బలహీనంగానే ఉన్నాయని ఒప్పుకుంది. కానీ బ్రష్‌కు ఫ్లాస్ తోడైతే చిగుళ్ల వాపు ఇంకా తగ్గవచ్చని చెప్పింది. సందుల్లో తోమే సన్నని బ్రష్‌లు ఫ్లాస్ కన్నా మెరుగు కావచ్చనీ అంది. మా అత్తయ్యగారి విషయంలో ఆ మాట నిజమనిపించింది. చిగుళ్లు జారి సందులు వెడల్పైన ఆవిడకు ఈ దారం వదులుగా ఆడుతుంది. అందుకే సన్న బ్రష్ కొనిచ్చాం, హాయిగా వాడుతున్నారు. క్లిప్పులు వేసుకున్న పిల్లలకు తీగ అడ్డం వస్తుంది కనుక దారం ఎక్కించే ప్లాస్టిక్ సూది విడిగా కావాలి.

ప్లాస్టిక్ పిడికి దారం బిగించి అమ్మే పుల్లలు రైలు ప్రయాణాల్లో పనికొస్తాయి. కానీ వాటితో దారాన్ని పంటి చుట్టూ వంచడం కష్టం, పైగా అన్ని సందులకూ అదే ముక్క తిరుగుతుంది. ఇంట్లో ఉన్నప్పుడు నా ఓటు ఈ దారానికే.

మేం రాత్రి పడుకునే ముందు దారం వాడి, ఆ తర్వాత బ్రష్ చేస్తాం. వాడిన దారాన్ని చెత్తబుట్టలోనే వేయండి, టాయిలెట్‌లో వేస్తే గొట్టాలకు చుట్టుకుంటుంది.