‘ప్రాచీన ఈజిప్టు హెర్మెస్ గ్రంథాలు’ కొనబోయేవారికి హెచ్చరిక

‘హెర్మెస్ సంపూర్ణ గ్రంథాలు, ప్రాచీన ఈజిప్షియన్ మూలం నుండి నేరుగా అనువాదం’ అన్న ప్రకటనతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న రెండు సంపుటాల సెట్టు విషయంలో పాశ్చాత్య గుప్తవిద్యల పాఠకులు జాగ్రత్తగా ఉండాలి. ఆ విద్యలకు ఆదిగురువుగా చెప్పుకునే పౌరాణిక జ్ఞాని ఈ హెర్మెస్. రెండు వేల రూపాయలకు పైగా చెల్లించి నేను తెప్పించుకున్న ఆ సెట్టులో ప్రకటనకు సరిపోయే పుస్తకం ఒక్కటీ లేదు.

మొదటి సంపుటం 1908లో షికాగోలో ‘ముగ్గురు దీక్షితులు’ (త్రీ ఇనిషియేట్స్) అన్న మారుపేరుతో వెలువడిన ‘కైబాలియన్’. దీన్ని రాసినది విలియం వాకర్ అట్కిన్సన్ అని పరిశోధకులలో ఎక్కువమంది అభిప్రాయం. యోగి రామచారక పేరుతో యోగం మీద పుస్తకాలు రాసిన అమెరికన్ ఆయనే. ఒకే కలం నుండి హిందూ యోగి, ఈజిప్టు దీక్షితులు పుట్టుకురావడం ముచ్చటైన సంగతే గాని, దానికి ప్రాచీన గ్రంథపు ధర చెల్లించనక్కరలేదు. అందులోని ఏడు సూత్రాలు ఆలోచనా శక్తితోనే జీవితాన్ని మార్చుకోవచ్చన్న నాటి అమెరికా ‘న్యూ థాట్’ ఉద్యమపు భావాలకు దగ్గరివి. హెర్మెస్ పేరిట మిగిలిన గ్రీకు సంవాదాలలో అటువంటి జాబితా లేదు.

రెండవ సంపుటం దివ్యజ్ఞాన సమాజ స్థాపకులలో ఒకరైన మేడమ్ బ్లావట్‌స్కీకి కార్యదర్శిగా పనిచేసిన జి.ఆర్.ఎస్. మీడ్ 1906లో ప్రచురించిన హెర్మెస్ సంవాదాల అనువాదం. ఆయన గ్రీకు నుండి ఎంతో శ్రమించి చేసిన ఆ పనిలో నుండి పేరు, పీఠిక, పాదసూచికలు అన్నీ తొలగించారు. స్కానింగులో సరిగా రాని గ్రీకు మాటల చోట అర్థంలేని గుర్తులు మిగిలాయి.

మూలం గురించి అడిగినప్పుడు అమ్మకందారు 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాదీలో దొరికిన ప్రతులను సాక్ష్యంగా చూపారు. అవి ఈజిప్షియన్ భాష చివరి రూపమైన కాప్టిక్‌లో ఉన్న మాట నిజమే, కాని గ్రీకు నుండి అనువదించినవి. పైగా ఈ సెట్టులో వాటి ఊసే లేదు. క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో గ్రీకులో రాసిన హెర్మెస్ సంవాదాలను 1463లో ఫ్లారెన్సులో పండితుడు మార్సీలియో ఫిచీనో లాటిన్‌లోకి తెచ్చినప్పుడు అవి అతిప్రాచీనమని అందరూ నమ్మిన మాట వాస్తవమే అయినా, 1614లోనే గ్రీకు పండితుడు ఐజాక్ కసొబాన్ వాటి భాషను పరిశీలించి ఆ నమ్మకం నిలవదని చూపాడు. ఇవన్నీ వివరించినా, సీలు తీసిన పుస్తకాలు వాపసు తీసుకోబోమన్నదే చివరి సమాధానం.

డబ్బు కట్టే ముందు అనువాదకుడి పేరు, ప్రచురణ వివరాల పుట ఫొటో తప్పక అడగండి. కైబాలియన్, మీడ్ అనువాదం రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆధునిక అనువాదం కావాలంటే బ్రయన్ కోపెన్‌హేవర్ చేసినది 1992లో కేంబ్రిడ్జి ప్రచురించింది. ఇదే సెట్టు ఈ మధ్య మరో అట్టతో, హెర్మెస్‌తో ఒకటిగా భావించిన ఈజిప్టు దేవుడు థోత్ పేరుతో కూడా కనబడుతోంది. విషయసూచికలో ‘ఏడు సూత్రాలు’ ఉంటే మొదటి సంపుటం అదేనని గుర్తించవచ్చు.