ఓటింగ్ దాకా కూర్చోవడమా, ముందే రాజీనామా చేయడమా: ఏది మేలు?

1999 ఏప్రిల్ 17, శనివారం. లోక్‌సభలో వాజపేయి విశ్వాస తీర్మానానికి అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270. ఒక్క ఓటు. ఆ లెక్క తేలినప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది కోనసీమకు చెందిన జి.ఎం.సి. బాలయోగి.

అంతకు మూడేళ్ల ముందు, 1996 మే 28న, ఇదే వాజపేయి ఇదే సభలో మరో దారి పట్టారు. రెండు రోజులు చర్చ నడిచింది. ఆఖరున లేచి తన సమాధానం తను చెప్పుకొని, రాష్ట్రపతికి రాజీనామా ఇవ్వడానికి వెళుతున్నానని ప్రకటించి బయటికి నడిచారు. ఓటింగ్ జరగలేదు. పదమూడు రోజుల ప్రభుత్వం అలా ముగిసింది.

ఒకే మనిషి రెండు పద్ధతులూ వాడి చూశారు కాబట్టి పోల్చడానికి ఇంతకన్నా మంచి జంట దొరకదు. బలం లేదని తెలిసినప్పుడు, లేదా ఉందో లేదో తెలియనప్పుడు, ప్రభుత్వాధినేత ఏం చేయాలి? నా ఓటు దేనికో ముందే చెప్పేస్తాను: ఓటింగ్ దాకా కూర్చోవడానికే. కానీ అది మీరనుకునేంత తేలికైన ఎంపిక కాదు, ఎందుకంటే రాజకీయ లాభం చాలాసార్లు రెండో వైపే కనిపిస్తుంది.

ముందు ఆ రెండో వైపు సంగతే చూద్దాం. 1996లో బీజేపీ 161 సీట్లతో పెద్ద పార్టీ. కావాల్సినవి 272. శివసేన, అకాలీదళ్ లాంటి కొద్దిమంది మిత్రులు తప్ప మద్దతుకు ఎవరూ రాలేదు, వచ్చే సూచనా లేదు. అప్పట్లో చంద్రబాబు కన్వీనర్‌గా యునైటెడ్ ఫ్రంట్ సిద్ధంగా ఉంది, దానికి బయటి నుంచి కాంగ్రెస్ దన్ను. ఓటింగ్ పెట్టినా ఫలితం ముందే తెలిసిపోయింది. అందుకే ఆ చర్చ సభలోని సభ్యుల కోసం జరగలేదు, ఇళ్లలో టీవీల ముందున్న జనం కోసం జరిగింది. దూరదర్శన్ లైవ్‌లో చూపించింది. సభలో గెలవలేని వాదన ఇళ్లలో గెలిచింది. ఓటింగే జరగలేదు కాబట్టి బోర్డు మీద ఓటమి అంకె కూడా పడలేదు. 1998 ఎన్నికల్లో అదే పార్టీకి 182 వచ్చాయి. ఆ పెరుగుదల అంతా ఒక్క ప్రసంగం వల్లే అనను, కానీ ఆ ప్రసంగం మూలంగా వాజపేయికి నష్టం జరిగిందని ఎవరూ అనలేరు.

ఇక 1999కి ఆయన చేతిలో ప్రభుత్వం ఉంది, జయలలిత మద్దతు తీసేశారు, బలం నిరూపించుకోమని రాష్ట్రపతి నారాయణన్ అడిగారు. ఈసారి లెక్క తేలకుండా ఉంది. 1996లో వాజపేయిని కూలదోసిన జట్టులో ఉన్న తెలుగుదేశం ఈసారి పన్నెండు మంది ఎంపీలతో ఆయన వైపు నిలబడింది. గైర్హాజరవుతామన్న మాయావతి పార్టీ ఆఖరి నిమిషంలో వ్యతిరేకంగా వేసింది. కశ్మీర్ పార్టీ నేషనల్ కాన్ఫరెన్స్ విప్‌ను కాదని సైఫుద్దీన్ సోజ్ వ్యతిరేకంగా వేసి పార్టీ నుంచి బహిష్కరణకు గురయ్యారు. వీటన్నిటికన్నా ఎక్కువ చర్చ జరిగింది కాంగ్రెస్ ఎంపీ గిరిధర్ గమాంగ్ గురించి. ఆయన ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, కానీ కొరాపుట్ ఎంపీ పదవి వదల్లేదు. కొరాపుట్ అంటే మన విజయనగరం, విశాఖ మన్యాల పక్కదే. ముఖ్యమంత్రి వచ్చి లోక్‌సభలో ఓటేయొచ్చా? బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు. ఆయన ఓటేశారు.

గమాంగ్ ఆ రోజు భువనేశ్వర్‌లోనే ఉండిపోయి ఉంటే 269, 269. అప్పుడు రాజ్యాంగంలోని 100వ అధికరణం ప్రకారం స్పీకర్ నిర్ణాయక ఓటు వేయాలి. అంటే దేశ ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్నది, ప్రభుత్వాన్ని బలపరుస్తున్న పార్టీ తరఫున అమలాపురం నుంచి గెలిచిన మనిషి చేతిలో పడేది. ఆ సంకటం ఆయనకు తప్పింది. గమాంగ్ సంగతా? 2015లో బీజేపీలో చేరారు, 2023లో హైదరాబాద్ వచ్చి బీఆర్ఎస్ కండువా కప్పుకున్నారు, ఆ తర్వాతి ఏడాది తిరిగి కాంగ్రెస్ గూటికి చేరారు. నవ్వుకుంటారో నిట్టూరుస్తారో మీ ఇష్టం.

ఇప్పుడు అసలు తేడా. 1996లో ఎవరు ఎటున్నారో మనం పార్టీల ప్రకటనలను బట్టి చెప్పుకుంటాం. 1999లో ఎవరు ఎటు నొక్కారో సభ రికార్డు చెబుతుంది. ఓటు జరిగితే పేర్లు మిగులుతాయి. రాజీనామా చేస్తే ప్రసంగం మాత్రమే మిగులుతుంది. సోజ్, గమాంగ్, మాయావతి గురించి పాతికేళ్ల తర్వాత కూడా మాట్లాడుకుంటున్నామంటే ఆ ఓటింగ్ వల్లే.

పేర్లు మిగలని సభ ఎలా ఉంటుందో 1979లో చూశాం. జులై 11న కాంగ్రెస్ నేత వై.బి. చవాన్ పెట్టిన అవిశ్వాస తీర్మానంపై చర్చ మొదలైంది. మరునాడు మంత్రి జార్జ్ ఫెర్నాండెజ్ మొరార్జీ దేశాయ్ ప్రభుత్వాన్ని సమర్థిస్తూ గట్టిగా వాదించారు. ఆ తర్వాత వారం తిరక్కుండానే ఆయనే ప్రభుత్వాన్ని విడిచి వెళ్లిపోయారు! జనతా పార్టీ ఎంపీలు రోజూ కొందరు చొప్పున జారిపోతుంటే మొరార్జీ 15న, ఓటింగ్‌కు ముందే రాజీనామా చేశారు. ఆ ప్రభుత్వాన్ని చివరికి ఓడించింది ఎవరు? సభ కాదు. సభ బయట జరిగిన తలకాయల లెక్క.

తర్వాత వచ్చిన చరణ్ సింగ్ అసలు లోక్‌సభ మొహమే చూడలేదు. ప్రమాణ స్వీకారం జులై 28న, ఇందిర మద్దతు లేదనగానే రాజీనామా ఆగస్టు 20న. జనతా పార్టీ నేత జగ్జీవన్ రామ్ నాకు బలముందంటున్నా వినకుండా రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి 22న లోక్‌సభను రద్దు చేశారు. అనంతపురం బిడ్డ, గతంలో లోక్‌సభ స్పీకర్‌గా పనిచేసిన మనిషి. సభ నడిపిన అనుభవమున్న ఆయనే సభలో తేలాల్సిన లెక్కను రాష్ట్రపతి భవన్‌లో తేల్చారన్న విమర్శ అప్పుడు గట్టిగానే వచ్చింది. ఓటింగ్ దాకా వెళ్లకపోతే జరిగేది ఇదే: నిర్ణయం సభ నుంచి జారి గవర్నర్ బంగళాకో రాష్ట్రపతి భవన్‌కో చేరుతుంది.

దీనికి పూర్తి విరుద్ధం వి.పి. సింగ్. అద్వానీ అరెస్టు తర్వాత బీజేపీ మద్దతు పోయింది, చంద్రశేఖర్ సొంత పార్టీనే చీల్చుకుపోయారు. గెలిచే ఆశ నలుసంత కూడా లేదు. అయినా 1990 నవంబరు 7న సభలో నిలబడి, మండల్ గురించి, అయోధ్య గురించి తన మాట చెప్పి, ఓటింగ్ పెట్టించుకుని 142, 346 తేడాతో ఓడారు. లాభం వచ్చిందా? రాలేదు. 1989లో 143 సీట్లున్న జనతాదళ్ 1991లో 59కి పడింది. కాబట్టి నిలబడి ఓడితే జనం నెత్తిన పెట్టుకుంటారని నేను చెప్పను. కానీ ఆ రాత్రి కాంగ్రెస్, బీజేపీ ఒకే వైపు ఓటేశాయన్నది చెరగని వాస్తవంగా నిలిచిపోయింది. రాజీనామా లేఖతో అది వచ్చేది కాదు.

దేవెగౌడ కథ ఇంకా విచిత్రం. 1997 మార్చి 30న కాంగ్రెస్ అధ్యక్షుడు సీతారాం కేసరి ఉన్నట్టుండి మద్దతు తీసేశారు. ఎందుకన్నదానికి గట్టి కారణం ఎవరికీ దొరకలేదు. ఏప్రిల్ 11న సభలో దేవెగౌడ అడగాల్సినవన్నీ అడిగి 158, 292తో ఓడిపోయారు. పది రోజుల్లో అదే ఫ్రంటు, అదే కాంగ్రెస్ మద్దతు, ప్రధానిగా మాత్రం గుజ్రాల్! పోయింది ప్రభుత్వం కాదు, ఒక మనిషి. ఆ సంగతి ఆ చర్చ వల్లే తేటతెల్లమైంది. ఆ నవంబరులో గుజ్రాల్ వంతు వచ్చినప్పుడు ఓటింగ్ లేదు, రాజీనామాతో సరి. గౌడ పతనంపై ఇప్పటికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, గుజ్రాల్ పతనంపై పెద్దగా ఉండదు.

ఓటింగ్‌కి కూర్చోవడంలో ఒక మురికి వైపు ఉంది, దాన్ని దాచితే ఈ పోలిక అన్యాయమవుతుంది. ఓటు తేదీ పడిందంటే బేరం మొదలైందన్నమాటే. 1993 జులైలో పీవీ ప్రభుత్వం 265, 251తో గట్టెక్కింది. జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బిచ్చారన్న కేసు పీవీని ఏళ్ల తరబడి వెంటాడింది. 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఈ మధ్యలో 1998లో సుప్రీంకోర్టు చెప్పింది చదివితే తల తిరుగుతుంది: డబ్బు పుచ్చుకుని సభలో ఓటేసిన ఎంపీకి రక్షణ ఉంది, పుచ్చుకుని ఓటేయని ఎంపీకి లేదు. ఈ తీర్పును సరిదిద్దడానికి 2024 మార్చి 4 దాకా, ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాకా ఆగాల్సి వచ్చింది.

2008 జులై 22న మన్మోహన్ 275, 256తో గెలిచిన రోజైతే కోటి రూపాయల నోట్ల కట్టలు సభలోనే బల్ల మీద కనిపించాయి. గోల ఎంతంటే, ప్రధాని సమాధానం చదవలేక సభకు సమర్పించి కూర్చోవాల్సి వచ్చింది. ఓటుందిగానీ చర్చను గోల మింగేసింది. 1996లో చర్చ ఉంది, ఓటు లేదు. రెండూ ఉన్నవి 1990, 1997, 1999.

కూర్చోవడం వేరు, సాగదీయడం వేరన్నది కూడా మర్చిపోకూడదు. 2019 జులైలో కర్ణాటకలో కుమారస్వామి 18న తీర్మానం పెట్టి, గవర్నర్ గడువులను పట్టించుకోకుండా 23 దాకా లాగారు. చివరికి 99, 105. ఆ ఐదు రోజుల్లో కొత్తగా తేలిందేమీ లేదు. అంతకు ఏడాది ముందు అదే సభలో యడియూరప్ప ప్రసంగించి, ఓటింగ్ లేకుండా వెళ్లిపోయారు. వాజపేయి పద్ధతే, కానీ వాజపేయి ప్రసంగానికున్న బరువు అందులో లేదు.

ఇన్నీ తూచాక నన్ను ఓటింగ్ వైపు ఒరిగేలా చేసింది భావోద్వేగం కాదు, ఒక తీర్పు. 2022 జూన్‌లో మహారాష్ట్రలో ఉద్ధవ్ ఠాక్రేను బలం చూపించమని గవర్నర్ అడిగారు. ఓటింగ్ ఆపడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 29వ తేదీ రాత్రి ఆయన రాజీనామా చేసేశారు. 2023 మే 11న రాజ్యాంగ ధర్మాసనం ఏమందంటే, గవర్నర్ అలా బలపరీక్ష అడగడం సరికాదు, కానీ ఠాక్రే ఓటింగ్‌ను ఎదుర్కోకుండా తనంతట తానే రాజీనామా చేశారు కాబట్టి పాత స్థితిని తిరిగి తెచ్చే దారి లేదు. 2016లో అరుణాచల్ ప్రదేశ్‌లో కూలిన నబాం తుకీ ప్రభుత్వాన్ని ఇదే సుప్రీంకోర్టు మళ్లీ కూర్చోబెట్టింది. ఠాక్రేకు ఆ అవకాశం సంతకంతోనే పోయింది.

మనకిది పాత అనుభవమే. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గవర్నర్ తొలగించారు, ఆయన రాజీనామా చేయలేదు. ఎమ్మెల్యేలను వెంటేసుకుని ఢిల్లీ దాకా వెళ్లి రాష్ట్రపతి ముందు నిలబెట్టారు. నెల రోజులైనా ఆయన స్థానంలో ముఖ్యమంత్రి అయిన నాదెండ్ల భాస్కరరావు సభలో బలం చూపించలేకపోయారు, సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. 1995లో సంఖ్యాబలం చేజారాక ఆగస్టు 31న రాజీనామా చేశారు. వారం తర్వాత చంద్రబాబు విశ్వాస తీర్మానం నాడు అదే సభలో ఎన్టీఆర్‌కు మాట్లాడే అవకాశం కూడా దక్కలేదు. ముఖ్యమంత్రిగా తానే తీర్మానం పెట్టుకుని ఉంటే? ఓడిపోయేవారే, అందులో సందేహం లేదు. కానీ చర్చ మొదలెట్టేదీ ఆయనే, ఆఖరి సమాధానం చెప్పేదీ ఆయనే అయ్యేవారు.