కాంపర్ లాగే డీజిల్ ట్రక్కుకు పవర్ పెంచుకున్నాక: ఆరేళ్ల వాడకంలో తేలింది

వెనక కాంపర్ (లోపలే పడుకునే వీలున్న ట్రైలర్) తగిలించి ఘాట్ ఎక్కుతుంటే మా డీజిల్ ట్రక్కు మూలుగుతూ పోయేది. ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా గంటకు 40 కిలోమీటర్లు దాటేది కాదు, వెనకాల బండ్ల వరుస, ఒకటే టెన్షన్. ఆరేళ్లుగా ఒక్కొక్కటీ మారుస్తూ వచ్చాను. ఇప్పుడు బాగా లాగుతోంది, కానీ నేను వెళ్లిన వరుసలో మీరు వెళ్లకండి.

నేను మొదట కొన్నది ట్యూనింగ్ బాక్స్. ఇంజన్‌కి డీజిల్ ఎక్కువ అందిస్తుంది కాబట్టి తేడా ఆ రోజే తెలుస్తుంది, ఖాళీ బండికైతే భలే పికప్. లోడుతో పది నిమిషాలు ఆగకుండా ఎక్కే ఘాట్‌లో సంగతి వేరు. డీజిల్ పెరిగి దానికి తగ్గ గాలి పెరగకపోతే నల్ల పొగ వస్తుంది, ఎగ్జాస్ట్ వేడి ఎక్కడికో పోతుంది.

ఆ వేడి ఎంతో నాకు తెలిసింది ఏడాది తర్వాత, ఎగ్జాస్ట్ వేడి కొలిచే పైరోమీటర్ పెట్టించాకే. దాని సెన్సర్ టర్బోకు (ఎగ్జాస్ట్ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపేది) ముందు, ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఉండాలి. టర్బో దాటాక కొలిస్తే బాగా తక్కువ చూపిస్తుంది. బాక్స్ పెద్ద సెట్టింగ్‌లో ఉండగా ఎక్కుతుంటే ముల్లు 600, 650, 700 డిగ్రీల సెల్సియస్, చూస్తుండగానే 740. 700 దగ్గరికొస్తే కాలు తీయాలని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. అల్యూమినియం 660 దగ్గరే కరుగుతుంది మరి. పిస్టన్లను ఆయిలూ సిలిండర్ గోడలూ చల్లబరుస్తూ ఉంటాయి కాబట్టి నిలబడుతున్నాయి, అంతే. గేరు దించి కాలు సడలిస్తే నిమిషంలో 620కి వచ్చింది. ఆ ముల్లు లేకుండా ఏడాదంతా నడిపానని తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

తప్పంతా బాక్స్‌దే కాదని తర్వాత తెలిసింది. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం అడుగున, క్లాంప్ పక్కనే, చిటికెన వేలి గోరంత చీలిక. పైనుంచి ఏమీ కనపడదు, చెయ్యి పోనిస్తే నూనె జిడ్డు తగిలింది. గాలి ఎక్కించి సబ్బు నీళ్లు చల్లితే బుడగలే బుడగలు. ఆ గొట్టం మార్చాక అదే ఘాట్, అదే బరువు, ముల్లు 60 డిగ్రీలు కిందే ఉండిపోయింది! పవర్ చాలట్లేదని ఏదైనా కొనబోయే ముందు దయచేసి గొట్టాలు, ఎయిర్ ఫిల్టర్ చూసుకోండి. తర్వాత పెద్ద ఇంటర్‌కూలర్ వేయించాను. టర్బో నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది, దాన్ని చల్లబరిస్తే సిలిండర్‌లోకి ఆక్సిజన్ ఎక్కువ వెళ్తుంది, డీజిల్ శుభ్రంగా మండుతుంది. బాక్స్ కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది దీనికే.

అన్నిటికన్నా నాకు నచ్చిన మార్పు మాత్రం వెనక యాక్సిల్ గేర్లు. 3.55 నిష్పత్తి గేర్లు తీసి 4.10వి (అంటే చక్రం ఒక్క చుట్టుకు షాఫ్ట్ 4.10 చుట్లు తిరుగుతుంది) వేయిస్తే ఇంజన్‌ను ముట్టుకోకుండానే చక్రం దగ్గర లాగే బలం 15 శాతం పెరిగింది. చదును రోడ్డు మీద మైలేజీ కాస్త తగ్గింది, నాకేం బాధ లేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి అదనపు ఆయిల్ కూలర్ కూడా తప్పనిసరి, మాది 120 డిగ్రీలు తాకేది, ఇప్పుడు 95 దగ్గర ఆగుతోంది.

ఇంకో లెక్క చెబుతాను. ట్రక్కు, కాంపర్ కలిపి 6 టన్నులు, రోడ్డు ఎక్కుడు 6 శాతం అనుకోండి. గంటకు 80తో ఎక్కాలంటే ఆ బరువును పైకి తీసుకెళ్లడానికే దాదాపు 105 హార్స్‌పవర్ కావాలి, 60తో అయితే 79 చాలు. గాలిని తోసుకెళ్లడానికి అయ్యేది వేరే. అందుకే నీళ్ల ట్యాంకు కొండెక్కాకే నింపుతాను, 150 లీటర్లంటే 150 కిలోలు కదా.

పొగలో మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌ను పీకేయమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. నేను తీయలేదు, తీయను కూడా. చాలా దేశాల్లో అది నేరం, ఆ మసి పీల్చేది వెనక వచ్చేవాళ్లు.

ఇప్పుడు బాక్స్ అన్నిటికన్నా చిన్న సెట్టింగ్‌లో ఉంది, ముల్లు 680 దాటడం లేదు, 65తో హాయిగా ఎక్కుతున్నాం. కిందటి నెలే ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ దారిని అడ్డుకుని ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) కూడా బిగించాను, దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన మొదటిసారి రాలేదు.